మాండొలిన్ ఏడో ఫ్రెట్: చిటికెన వేలా, ఖాళీ తీగా?

కొత్తతీగ: మాండొలిన్ పట్టి రెండు నెలలైంది. ఎ (A) తీగ మీద ఏడో ఫ్రెట్‌ని (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) చిటికెన వేలితో నొక్కితే జిర్రుమంటోంది. అదే స్వరం పక్కనున్న ఇ (E) తీగని ఖాళీగా, అంటే ఎక్కడా నొక్కకుండా, మీటితే హాయిగా పలుకుతోంది. మరి చిటికెన వేలు ఇప్పుడే వాడాలా?

ఏడోమెట్టు: ఇప్పుడే. చూపుడు వేలికి 1, 2 ఫ్రెట్లు, మధ్యవేలికి 3, 4, ఉంగరం వేలికి 5, 6, ఏడోది చిటికెన వేలిది. శ్రుతి ఎలాగూ వయొలిన్‌దే, వేళ్ల లెక్కా అదే. ఖాళీ తీగకి అలవాటుపడితే ఇ తీగ మీద ఏడో ఫ్రెట్ వచ్చినప్పుడు ఏం చేస్తారు? దాని తర్వాత ఇంకో తీగ లేదు.

నెమ్మది: అడిగింది ఎ తీగ గురించండి. మాండొలిన్‌లో ప్రతి తీగా జంటే, ఆ రెంటినీ ఒకేసారి అదిమే బలం రెండు నెలల్లో చిటికెన వేలికి రాదు. ఖాళీ తీగ తప్పేమీ కాదు, బాగా వాయించేవాళ్లూ వాడతారు.

ఏడోమెట్టు: రెండూ వచ్చినవాళ్లు ఎంచుకుని వాడతారు. ఖాళీ తీగ మోగుతూనే ఉంటుంది, పాట మధ్యలో ఆ ఒక్క స్వరం వేరేగా వినిపిస్తుంది. ఇ తీగ సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

మూడువేళ్లు: ఫ్రెట్‌కి ఆనుకుని వెనకాలే నొక్కుతున్నారా? రెండు ఫ్రెట్ల మధ్యలో నొక్కితే ఎవరికైనా జిర్రుమంటుంది.

నెమ్మది: ఇ తీగ, ఇ తీగ అంటూ పట్టుకున్నారు. మణికట్టు నొప్పి పుడితే?

ఏడోమెట్టు: నొప్పి సాకు. మొదట్లో అందరికీ ఉంటుంది.

నెమ్మది: సాకా? నాకు నేర్పినాయన సరిగ్గా ఈ మాటే అన్నారు. వేలికొనల మంట వేరు, మణికట్టులో పోటు వేరు. ఆయన అడగలేదు, నేను చెప్పలేకపోయాను. ఒక్క పాటైనా పూర్తిగా రాకుండానే మానేశాను, మళ్లీ ముట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఈసారి ఖాళీ తీగలతో పాటలు పట్టాను కాబట్టే ఇంకా వాయిస్తున్నాను.

ఏడోమెట్టు: పోటు ఉంటే ఆపాల్సిందే, ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. కానీ నాకు చెప్పేవాళ్లే లేక ఐదేళ్లు మూడు వేళ్లతో లాగించాను, చిటికెన వేలు గాల్లో ముడుచుకునే ఉండేది. దాన్ని కిందికి దించడానికి వచ్చిన పాటలన్నీ తప్పుల తడకగా మళ్లీ మొదటినుంచి వాయించుకున్నాను. ఆ అలవాటు ముదిరితే ఎంత కష్టమో మీకు తెలియదు.

నెమ్మది: మానేసినవాడికి ముదరడానికి అలవాటేముంటుందండి?

చెక్కపలక: కొత్తతీగ గారూ, బొటనవేలు ఎక్కడుంది? గిటార్ పాఠాల్లోలా నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) వెనక మధ్యలో నిలబెడితే మణికట్టు వంగిపోతుంది. నెక్ పక్కకి ఆనించండి, అరచేతికి నెక్ తగలకుండా కాస్త ఖాళీ ఉంచి, వేళ్లు ఏటవాలుగా దించండి.

కొత్తతీగ: వెనకే నిలబెట్టాను. ఇప్పుడు మార్చి చూశా, ఐదుసార్లలో మూడుసార్లు శుభ్రంగా పలికింది.

నెమ్మది: సంతోషం. రోజూ ఐదు నిమిషాలు ఇది చాలు, తర్వాత ఖాళీ తీగతోనే పాట వాయించుకోండి.

ఏడోమెట్టు: పాటలో కూడా ఒక్కచోటైనా చిటికెన వేలే పెట్టండి.