500 డాలర్లలో రెసొనేటర్ గిటార్: స్క్వేర్‌నెక్ తీసుకోవాలా, రౌండ్‌నెక్ తీసుకోవాలా?

వీణమ్మాయి (షార్లట్, నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో ఉన్నప్పుడు వర్ణాల దాకా వీణ నేర్చుకున్నాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక వీణ అత్తగారింట్లోనే ఉండిపోయింది. మా ఇంటి దగ్గర కాఫీ షాపులో శనివారాలు బ్లూగ్రాస్ (బాంజోలు, ఫిడేళ్ళతో సాగే అమెరికన్ పల్లె సంగీతం) జామ్ జరుగుతుంది, అంటే నలుగురూ చేరి కలిసి వాయించుకోవడం. అందులో ఒకాయన గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఇనుప కడ్డీ జారుస్తూ వాయిస్తాడు. ఆ జారు విన్నప్పటి నుంచి నాకూ ఒకటి కొనుక్కోవాలని ఉంది. అడిగితే "రెసొనేటర్" అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే రౌండ్‌నెక్, స్క్వేర్‌నెక్, బిస్కట్, స్పైడర్ అని ఏవేవో పేర్లు వచ్చాయి. ఏదీ అర్థం కాలేదు.

బడ్జెట్ అన్నీ కలిపి 500 డాలర్లు. దాని మీద వాళ్ళతో కలిసి వాయించాలి, ఇంట్లో కీర్తనలు కూడా పలికించుకోవాలి. తళతళలాడే లోహపు గిటార్లు చూస్తే మనసు లాగేస్తోంది, అవి మంచివేనా? మాది అపార్ట్‌మెంట్, పక్కవాళ్ళతో గొడవ వస్తుందేమో అని ఇంకో టెన్షన్.

డెల్టా_శీను (డాలస్)

అక్కా, నా ఓటు రౌండ్‌నెక్‌కే. మామూలు గిటార్‌లా పట్టుకుని వేళ్ళతో నొక్కచ్చు, వేలికి గొట్టం తొడుక్కుని స్లైడ్ కూడా వాయించచ్చు. సన్ హౌస్, బుక్కా వైట్ లాంటి బ్లూస్ వాళ్ళ చేతుల్లో ఉన్నవి నేషనల్ కంపెనీ వాళ్ళ ఇలాంటి లోహపు గిటార్లే. ఒళ్ళో పెట్టుకుని వాయించాలంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే చిన్న లోహపు ముక్క దొరుకుతుంది, దాంతో తీగలు పైకి లేస్తాయి. ఒక్క గిటార్‌తో రెండు పనులూ అవుతాయి.

నాక్స్‌విల్_మావయ్య (టెనెసీ)

శీనూ, బ్లూస్ వరకు నువ్వు చెప్పింది సబబే. ఆవిడ అడిగిందేమో బ్లూగ్రాస్, పైగా కీర్తనలు. అందుకని నాది వేరే దారి.

అమ్మా, కాఫీ షాపులో మీరు చూసింది దాదాపు కచ్చితంగా స్క్వేర్‌నెక్, లోపల స్పైడర్ బ్రిడ్జ్ (బ్రిడ్జ్ అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే ముక్క). మిగతా పేర్లన్నీ పక్కన పెట్టి ముందు ఈ రెండు సంగతులు తేల్చుకోండి. బ్రాండ్ గురించి తర్వాత చూద్దాం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఫొటో చూసి మోజుపడి కొంటారు, నెల తిరక్కుండా అమ్మకానికి పెడతారు.

మొదట నెక్. స్క్వేర్‌నెక్‌లో మెడ వెనక భాగం పలకగా ఉంటుంది, తీగలు ఫ్రెట్లుండే ముందు వైపు నుంచి సుమారు ఒక సెంటీమీటరు ఎత్తులో ఉంటాయి. వేలితో నొక్కి వాయించడం కుదరదు. ఫ్రెట్లు, అంటే మీ వీణ మెట్ల లాంటివి, ఇక్కడ కంటికి గుర్తులు మాత్రమే. రౌండ్‌నెక్ మామూలు గిటార్ మెడే. శీను చెప్పిన నట్ ముక్క చవకైనది, రుచి చూడ్డానికి బాగుంటుంది. బ్లూగ్రాస్‌కి అలవాటైన శ్రుతి పెట్టేటప్పుడు వస్తుంది తంటా. ఆ శ్రుతి, పాశ్చాత్య స్వరాల పేర్లలో, లావు తీగ నుంచి సన్న తీగకి జి, బి, డి, జి, బి, డి. మామూలు గిటార్ శ్రుతితో పోలిస్తే ఆరో తీగని (అన్నిటికన్నా లావుది) మూడు అర స్వరాలు, ఐదోదాన్ని రెండు అర స్వరాలు పైకి బిగించాలి. పైగా దానికోసం అమ్మే తీగలు 0.016 నుంచి 0.056 అంగుళాల దాకా, లావైనవి. ఆ లాగుడికి స్క్వేర్‌నెక్ తట్టుకుంటుంది, దాన్ని అందుకే అలా చేశారు. చవక రౌండ్‌నెక్ మీద అదే లాగుడు రోజూ ఉంచితే మెడ వంగిపోవచ్చు. రౌండ్‌నెక్‌కి బ్లూస్ వాళ్ళ శ్రుతే నప్పుతుంది: డి, జి, డి, జి, బి, డి. అందులో మారే తీగలన్నీ కిందికి దించేవే.

రెండోది లోపలి కోన్. పల్చటి అల్యూమినియం గిన్నె అనుకోండి. తీగల కదలిక బ్రిడ్జ్ ద్వారా దానికి చేరుతుంది, శబ్దం పుట్టేది అక్కడే. బిస్కట్ రకంలో ఆ గిన్నె బోర్లించి ఉంటుంది, నెత్తిన ఒక చిన్న చెక్క బిళ్ళ. దెబ్బ గట్టిగా పడుతుంది, స్వరం త్వరగా ఆరిపోతుంది. స్పైడర్ రకంలో గిన్నె వెల్లకిలా ఉంటుంది, దాని అంచు మీద కాళ్ళు చాపిన లోహపు సాలీడు కూర్చుంటుంది. స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది. జారుకి, గమకానికి స్వరం నిలవడమే ముఖ్యం కదా, మీకు ఇదే. చిన్న కోన్లు మూడు పెట్టే ట్రైకోన్ అని ఇంకోటి ఉంది. వినడానికి నాకు అన్నిటికన్నా అదే ఇష్టం, కానీ 500లో మంచిది రాదు. ఇప్పుడు దాని జోలికి వెళ్ళకండి.

లోహపు గిటార్ల మోజు గురించి. అందంగా ఉంటాయి, నేను కాదనను. ఈ ధరలో వచ్చేవి ఎక్కువగా రౌండ్‌నెక్, బిస్కట్ రకం. బరువు కూడా ఎక్కువే. చెక్క గిటార్‌లో ప్లైవుడ్ ఉందని కంగారు పడొద్దు. మామూలు అకూస్టిక్ గిటార్‌లో పై చెక్కే మోగుతుంది కాబట్టి అక్కడ అసలు చెక్క కావాలి. ఇందులో మోగేది కోన్. డబ్బు దాని మీద పెట్టండి.

ఇక పేర్లు. కొత్తది కొనాలంటే గ్రెచ్ బాక్స్‌కార్ జి9210 స్క్వేర్‌నెక్, స్పైడర్ బ్రిడ్జ్. దాని అన్న జి9200 రౌండ్‌నెక్. నంబర్లో ఒక్క అంకె తేడా, ఆర్డర్ పెట్టేటప్పుడు రెండుసార్లు చూసుకోండి. రికార్డింగ్ కింగ్ వాళ్ళ స్క్వేర్‌నెక్‌లు, పాత రీగల్ గిటార్లు కూడా చూడచ్చు. రోగ్ అనేది ఇంకా చవక. అది కొంటే సెటప్‌కి, అంటే బ్రిడ్జ్, కోన్ లాంటివి సరిచేయించడానికి, కొంత పక్కన పెట్టుకోవాలి. గోల్డ్ టోన్‌లో పాల్ బియర్డ్ పేరుతో వచ్చేవి చాలా బాగుంటాయి గానీ మీ లెక్క దాటిపోతాయి. పల్చటి ఒంటితో, పికప్ (తీగల శబ్దాన్ని అందుకునే పరికరం) పెట్టి, కరెంటుకి తగిలించేవి కొన్ని కనిపిస్తాయి. ఆంప్లిఫయర్ లేకుండా జామ్‌లో వాటి గొంతు వినిపించదు.

500 మొత్తం గిటార్‌కే పెట్టకండి. నన్నడిగితే సెకండ్‌హాండ్‌లో 350, 400లోపు గిటార్ తీసుకుని, మిగిలింది రెసొనేటర్లు తెలిసిన రిపేర్ మనిషి చేతిలో పెట్టండి. కోన్ సరిగ్గా కూర్చోబెట్టి, బ్రిడ్జ్ మీద గాట్లు సరిచేసి ఇస్తే అదే గిటార్ వేరే గిటార్‌లా పలుకుతుంది. మామూలు గిటార్లు మాత్రమే చూసే షాపుకి తీసుకెళ్ళి ఉపయోగం లేదు. జామ్‌లో ఆయన్నే అడగండి, ఎవరి దగ్గర చేయిస్తాడో చెప్తాడు. కడ్డీకి, బొటనవేలి పిక్‌కి, రెండు వేళ్ళ లోహపు పిక్‌లకి కొంచెం ఉంచుకోండి. మీటు అలవాటున్న చెయ్యి మీది, ఆ వేళ్ళకి పిక్‌లు తొందరగానే పట్టుబడతాయి. కడ్డీని మాత్రం సరిగ్గా ఫ్రెట్ గీత మీదే ఉంచాలి. వీణ మీద మెట్టుకి వెనకగా నొక్కిన అలవాటు కొన్నాళ్ళు అడ్డం వస్తుంది, శ్రుతి తగ్గుతుంది.

కీర్తనల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఆ శ్రుతిలో జి షడ్జం అనుకుంటే డి పంచమం, బి అంతర గాంధారం. మోహనం, హంసధ్వని, శంకరాభరణం హాయిగా నడుస్తాయి. ఖరహరప్రియ ఎత్తుకుంటే అందులో ఉండేది సాధారణ గాంధారం, మీ బి తీగలు రెండూ తగిలినప్పుడల్లా కొడతాయి. నేనైతే ఆ రెంటినీ ఎ కి దించేస్తాను, చతుశ్రుతి రిషభం అవుతుంది, గోల తగ్గుతుంది. వీణ మీద తీగ లాగి తెచ్చే గమకం ఇక్కడ కడ్డీ కదిపే తేవాలి. మన వాద్యాల్లో దీనికి దగ్గర చుట్టం వీణ కన్నా, మెట్లు లేకుండా కడ్డీ జార్చి వాయించే గోటువాద్యమే.

పక్కవాళ్ళ విషయం: ఇది గట్టిగా మోగడం కోసమే పుట్టిన వాద్యం. ఆంప్లిఫయర్లు లేని రోజుల్లో బ్యాండ్‌లో గిటార్ వినపడటం లేదని జార్జ్ బోషాంప్ అనే వాయిద్యకారుడు మొత్తుకుంటే, స్లొవాకియా నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చిన జాన్ డోప్యేరా దీన్ని తయారు చేశాడు. 1927లో నేషనల్ కంపెనీ పేరుతో ట్రైకోన్‌లు బయటికొచ్చాయి. తమాషా ఏంటంటే, కొన్నేళ్ళకే ఆ బోషాంపే ఎలక్ట్రిక్ గిటార్ తయారీలోకి దిగాడు, గట్టిదనం కోసం రెసొనేటర్ అక్కర్లేకుండా పోయింది. ఆ తర్వాత కూడా జనం దీన్ని పట్టుకుని వేలాడుతున్నారంటే ఆ గొంతు కోసమే. 1955లో జాష్ గ్రేవ్స్ అనే ఆయన ఫ్లాట్, స్క్రగ్స్ అనే ఇద్దరి బ్లూగ్రాస్ బృందంలో చేరి, బాంజోలో మూడు వేళ్ళ పద్ధతిని దీని మీదికి తెచ్చాక బ్లూగ్రాస్‌లో దీని చోటు ఖాయమైంది. మీరు మాత్రం రాత్రి తొమ్మిది దాటాక బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చేతిరుమాలు దూర్చి వాయించుకోండి.

వీణమ్మాయి

మావయ్య గారూ, చాలా థాంక్స్. ఖరహరప్రియ గురించి చదివి మా నాన్నకి ఫోన్ చేసి వినిపించాను, ఆయన మీ ఊరు ఏదని అడిగారు!

ఇక్కడికి గంట దూరంలో ఒకాయన ప్రకటన పెట్టాడు. "డోబ్రో, 350 డాలర్లు, గట్టి కేస్‌తో సహా. కొంచెం బజ్ (గరగర) ఉంది, సెటప్ చేస్తే పోతుంది" అని రాశాడు. ముందు వైపు ఫొటోలే ఉన్నాయి. వెళ్ళి చూడచ్చా?

నాక్స్‌విల్_మావయ్య

మాది తణుకు దగ్గరమ్మా. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

కేస్‌తో 350 అంటే చూడాల్సిన ధరే. బయల్దేరే ముందు రెండు ఫొటోలు అడగండి: మెడ వెనక భాగం, నట్ దగ్గర పక్క నుంచి తీగల ఎత్తు. రౌండ్‌నెక్‌కి ఎత్తు నట్ తగిలించి స్క్వేర్‌నెక్ అని అమ్మేవాళ్ళున్నారు. "డోబ్రో" అన్న మాట చూసి సంబరపడకండి. అది డోప్యేరా అన్నదమ్ములు పెట్టిన కంపెనీ పేరు. 1993 నుంచి ఆ పేరు గిబ్సన్ చేతిలో ఉంది. అందుకే మిగతా కంపెనీలు రెసొనేటర్ అనో రెసొఫోనిక్ అనో రాసుకుంటాయి. ప్రకటనలు పెట్టేవాళ్ళు మాత్రం కోన్ ఉన్న ప్రతిదాన్నీ డోబ్రో అనేస్తారు. మెడ చివర, తీగలు బిగించే తలకాయ మీద ఏ పేరుందో చూడండి.

బజ్ అన్నాడు కదా, అది నిజంగా సెటప్‌తో పోయేదో కాదో అక్కడే తేలుతుంది. తీగలన్నిటినీ అరచేత్తో ఆపేసి, కవర్‌ప్లేట్ (కోన్ మీద ఉండే లోహపు మూత) మీద వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఏదైనా గలగలమంటే స్క్రూ వదులైనా కావచ్చు, కోన్ అంచు సరిగ్గా ఆనకపోయినా కావచ్చు. ఇవి చిన్న పనులు. తర్వాత కడ్డీ పెట్టి ఒక్కో తీగని కింద నుంచి పై దాకా వాయించండి. బజ్ ఒకే తీగ మీద ఉంటే బ్రిడ్జ్ గాటు సంగతి. ఇదీ చిన్నదే. అన్ని తీగల మీదా, అన్నిచోట్లా గరగర ఉండి, గొంతు కూడా పూడుకుపోయినట్టుంటే కోన్ నలిగో చీలో ఉండచ్చు. పక్క నుంచి చూస్తే తీగలు బ్రిడ్జ్ దగ్గర కవర్‌ప్లేట్‌కి మరీ ఆనుకుని కనిపిస్తాయి, ఎందుకంటే నలిగిన కోన్ కిందికి దిగిపోతుంది. క్వార్టర్‌మన్ లాంటి మంచి కోన్ విడిగా దొరుకుతుంది, వేయించుకోవచ్చు. ఆ ఖర్చు, కూలీ ధరలో తగ్గించమనండి.

మెడ ఒంటికి కలిసే చోట చీలిక ఉంటే మాత్రం బేరం కూడా వద్దు, నమస్కారం పెట్టి వచ్చేయండి. సందేహంగా ఉంటే జామ్ ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. ఒక కాఫీ ఇప్పిస్తే వచ్చే మనుషులే వీళ్ళు.

కొన్నాక ఒక జాగ్రత్త. తీగలన్నీ ఒకేసారి విప్పకండి, కోన్‌ని, బ్రిడ్జ్‌ని చోటు కదలకుండా పట్టి ఉంచేది వాటి బిగువే. ఒకటి తీసి ఒకటి వేసుకోండి.

డెల్టా_శీను

ఒప్పుకున్నా మావయ్యా, ఆవిడకి స్క్వేర్‌నెక్కే. కానీ అక్కా, పక్కన ఒక రౌండ్‌నెక్ కూడా ఉంటే...

నాక్స్‌విల్_మావయ్య

ఆవిడ బడ్జెట్ 500 అబ్బాయ్.

సాగర్_స్లైడ్ (విశాఖ)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని హిందుస్తానీ వాయించే విశ్వమోహన్ భట్ గారిది విని ఈ పిచ్చి పట్టింది. ఇక్కడ ఇవేవీ దొరకట్లేదు, అమెరికా నుంచి తెప్పించుకునే స్తోమత లేదు. రెసొనేటర్ లేకుండా మొదలుపెట్టచ్చా?

నాక్స్‌విల్_మావయ్య

నిక్షేపంగా మొదలుపెట్టు. మొదట్లో విశ్వమోహన్ భట్ గారి మోహన వీణలో కోనెక్కడుంది? మామూలు గిటార్‌ని మార్చుకుని, తరఫ్ తీగలు (ముట్టకుండానే వాటంతటవే మోగేవి) అమర్చుకున్నదే కదా. మన దేశంలో ఒళ్ళో పెట్టి వాయించే గిటార్‌కి కలకత్తా పెద్ద ఊరు, అక్కడ దీన్ని హవాయిన్ గిటార్ అంటారు. ఎవరైనా అటు వెళ్తుంటే ఆ పేరుతో అడగమను.

అప్పటిదాకా స్నేహితుల దగ్గర మూలపడ్డ పాత అకూస్టిక్ ఏదైనా తీసుకో. ఉక్కు తీగలది కావాలి, నైలాన్‌ది కాదు. ఫ్రెట్లు అరిగిపోయినా నీకు నష్టం లేదు, వాటి మీద నొక్కేది లేదు కదా. మెడ మాత్రం తిన్నగా ఉండాలి. నట్ మీద ఎత్తు ముక్క తొడుగు. దొరక్కపోతే గట్టి చెక్కో ఎముకో అరగదీసి ఎత్తు నట్ చేసిపెట్టేవాళ్ళు, వీణలు, సితార్లు బాగుచేసే చోట ఉంటారు. కడ్డీ బరువుగా, నున్నగా ఉండాలి. గీత పడితే తీగ మీద గీరుతుంది.

శ్రుతి జి లోకి బిగించకు, ఓపెన్ డి పెట్టుకో. ఆరోది ఇ నుంచి డి కి, మూడోది జి నుంచి ఎఫ్ షార్ప్‌కి, రెండోది బి నుంచి ఎ కి, ఒకటోది ఇ నుంచి డి కి. ఐదు, నాలుగు ఉన్నచోటే ఉంటాయి. అన్నీ దించడమే కాబట్టి పాత గిటార్ మెడకి భయం లేదు. డి షడ్జం, ఎ పంచమం. ముందు ఒకటో తీగ ఒక్కదాని మీదే సరళీ స్వరాలు వాయించు, తంబూరా యాప్ పెట్టుకుని.