ఒకే సర్వర్‌పై నలుగురు పనిచేస్తున్నాము, కొత్త ఫైళ్లకు గ్రూపు అనుమతులు నిలబడటం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. పాత తెలుగు పత్రికల స్కానులు అందించే ఒక చిన్న వెబ్‌సైటును మేము నలుగురం కలిసి డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్‌పై నడుపుతున్నాము. నలుగురికీ వేర్వేరు ఖాతాలు ఉన్నాయి. అందరినీ 'పత్రిక' అనే గ్రూపులో చేర్చి, సైటు ఫోల్డరును ఆ గ్రూపుకు అప్పగించి, చ్‌మాడ్ ఆజ్ఞతో 775 (యజమానికీ గ్రూపుకూ అన్ని అనుమతులు, ఇతరులకు రాయడం తప్ప మిగతావి) ఇచ్చాను. పాత ఫైళ్లతో ఇబ్బంది లేదు కానీ, ఎవరు కొత్త ఫైలు పెట్టినా దాని గ్రూపు వారి సొంత పేరుతో పడుతోంది, మిగతా ముగ్గురికీ చదవడం తప్ప మార్చే వీలు ఉండటం లేదు. ఈ ఉదయం ముఖచిత్రం పేజీలో ఒక అక్షరదోషం దిద్దబోతే అనుమతి లేదని వచ్చింది. ఆ ఫైలు పెట్టిన మిత్రుడు అమెరికాలో ఉంటాడు, అక్కడ అప్పుడు అర్ధరాత్రి. ఆ ఒక్క కొమ్ము సరిచేయడానికి సాయంత్రం దాకా ఆగవలసి వచ్చింది. అన్నిటికీ 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేస్తే సరిపోతుందా?

మొదటి జవాబు

దయచేసి 777 జోలికి వెళ్లకండి. అలా ఇస్తే ఆ సర్వర్‌పై ఉన్న ప్రతి ఖాతాకూ మీ సైటు కోడును తిరగరాసే అధికారం వస్తుంది.

మీ దగ్గర రెండు సమస్యలు కలిసి ఒకటిగా కనిపిస్తున్నాయి. కొత్త ఫైలు ఏ గ్రూపుకు చెందాలన్నది ఒకటి, ఆ గ్రూపుకు రాసే అనుమతి ఉంటుందా లేదా అన్నది మరొకటి. మొదటిదానికి సెట్‌జీఐడీ బిట్ ఉంది. ఫోల్డర్లకు 775 బదులు 2775 ఇస్తే, వాటిలో పుట్టే ప్రతి ఫైలూ పెట్టినవారి గ్రూపును కాక ఫోల్డరు గ్రూపునే పుణికిపుచ్చుకుంటుంది, లోపల పుట్టే ఫోల్డర్లకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది. ఇప్పటికే ఉన్న ఫోల్డర్లకు మాత్రం మీరే ఇవ్వాలి కాబట్టి, ఫైండ్ ఆజ్ఞతో ఫోల్డర్లను మాత్రమే ఏరి ఇవ్వండి. ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ ఆజ్ఞ చూపే వరుసలో గ్రూపు మూడక్షరాల చివర ఎక్స్ స్థానంలో ఎస్ కనిపిస్తే పని జరిగినట్లే.

రెండవది యూమాస్క్, అంటే కొత్త ఫైలు పుట్టేటప్పుడు ఏ అనుమతులు తీసివేయాలో చెప్పే అమరిక. అది 022గా ఉన్నంతకాలం కొత్త ఫైలు 644తో, అంటే గ్రూపుకు చదవడానికి మాత్రమే వీలుగా, పుడుతుంది. నలుగురి ఖాతాల్లోనూ 002 చేస్తే 664 అవుతుంది, గ్రూపు రాయనూగలదు.

రెండవ జవాబు

పై సలహా సరైనదే కానీ, మీవాళ్లు ఫైళ్లను ఎలా పంపుతున్నారో కూడా చూడాలి. ఎస్ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే ఒక పద్ధతి) ద్వారా పంపేటప్పుడు బ్యాష్ (ఆజ్ఞలు టైపు చేసే షెల్) ఫైల్లో రాసిన యూమాస్క్ పనిచేస్తుందని నమ్మలేము, కాబట్టి ఎస్ఎస్‌హెచ్‌డీ (బయటి నుంచి వచ్చే లాగిన్‌లను స్వీకరించే సేవ) అమరికల్లో ఇంటర్నల్-ఎస్ఎఫ్‌టీపీ పక్కన -యూ 0002 అని ఇవ్వండి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, యూమాస్క్ అనుమతులను తీసివేయగలదే గానీ కొత్తగా చేర్చలేదు. పంపే కంప్యూటరులో ఫైలు 644గా ఉండి, పంపే సాధనం ఆ అనుమతినే అడిగితే, సర్వర్‌లో యూమాస్క్ ఎంతున్నా 644గానే దిగుతుంది. ఏసీఎల్ (ఒక్కో ఖాతాకూ గ్రూపుకూ విడిగా అనుమతులిచ్చే జాబితా) పెట్టినా అప్పుడు దాని మాస్క్, అంటే ఆ అనుమతుల గరిష్ఠ హద్దు, చదవడానికే పరిమితమైపోతుంది. ఆర్‌సింక్ (ఫైళ్లను నకలు చేసి పంపే సాధనం) వాడేవారు --చ్‌మాడ్=ఎఫ్664 చేర్చుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మిత్రుడిని అడిగితే, ల్యాప్‌టాప్ నుంచి ఆర్‌సింక్‌ను -ఏతో నడుపుతున్నానని చెప్పాడు. మరొక సందేహం: వెబ్ సర్వర్ నడిచే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా ఖాతాను కూడా 'పత్రిక' గ్రూపులో చేర్చాలా?

మూడవ జవాబు

చేర్చకండి. ఈ ఒక్క విషయంలో గట్టిగానే చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పేజీలు చూపించడానికి వెబ్ సర్వర్‌కు చదివే అనుమతి చాలు. పాఠకులు పంపిన ఫైళ్లు చేరే ఫోల్డరు ఉంటే అక్కడ మాత్రమే రాసే అనుమతి ఇచ్చి, ఆ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవకుండా చూడండి. డేటాబేసు సంకేతపదం ఉన్న ఫైలును ఇతరులకు మూసివేసి 660 చేసి, ఏసీఎల్ పెట్టే సెట్‌ఫేకల్ ఆజ్ఞతో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకు చదివే అనుమతి విడిగా ఇవ్వవచ్చు.

-ఏ అంటే పంపే వైపు అనుమతులనూ గ్రూపునూ యథాతథంగా దింపమని అర్థం. మీ మిత్రుడిని దాని బదులు -ఆర్‌టీ వాడి, పై జవాబులో చెప్పిన --చ్‌మాడ్=ఎఫ్664 కూడా చేర్చమనండి. ఇకముందు ఎవరినైనా గ్రూపులో చేర్చేటప్పుడు, ఖాతాలను మార్చే యూజర్‌మాడ్ ఆజ్ఞకు చిన్న ఏ, పెద్ద జీ రెండూ ఇవ్వండి. చిన్న ఏ మరిచిపోతే వారు అప్పటిదాకా ఉన్న మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. చేర్చిన తర్వాత వారు ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ కావాలి.