హత్య కేసుల్లో శిక్ష పడిన ఫుజిమోరీకి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు సబబేనా?

మంజీర:
పెరూ మాజీ అధ్యక్షుడు అల్బెర్తో ఫుజిమోరీ 2024 సెప్టెంబరు 11న లిమాలో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయనకు 86 ఏళ్లు. ప్రభుత్వం మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించి, మాజీ దేశాధినేతకు ఇచ్చే లాంఛనాలన్నీ ఇచ్చింది. కడసారి చూపు కోసం వేలమంది బారులు తీరారు. 2009లో 25 ఏళ్ల జైలుశిక్ష పడిందీ ఈయనకే. సామూహిక హత్యలు, కిడ్నాపుల కేసులవి. ఇలాంటి మనిషికి ఆ గౌరవం ఇవ్వడం న్యాయమేనా? దక్షిణ అమెరికా రాజకీయాలు తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాతీరం:
ఇవ్వడం న్యాయమే అంటాను. 1990 నాటి పెరూ ఎలా ఉండేదో ముందు గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ద్రవ్యోల్బణం 7,000 శాతం దాటింది. జీతం చేతిలో పడ్డ రోజే ఖర్చుపెట్టకపోతే మర్నాటికి దాని విలువ పడిపోయేది. ఇంకోపక్క 1980 నుంచి సెందెరో లుమినోసో అనే మావోయిస్టు పార్టీ సాగిస్తున్న యుద్ధం. వాళ్లు చంపింది సైనికుల్నే కాదు. ఊళ్లో మేయర్లను చంపారు, మాట వినని రైతుల్ని చంపారు. లిమా శివారు పేటలో పేద ఆడవాళ్లను కూడగట్టి పనిచేసిన మరియా ఎలేనా మోయానోను 1992 ఫిబ్రవరిలో కాల్చి, శవాన్ని డైనమైట్‌తో పేల్చేశారు. అదే ఏడాది జూలై 16న లిమాలోని మిరాఫ్లోరెస్ పేట తరాతా వీధిలో బాంబు పేలి 25 మంది పోయారు.

అలాంటి దేశాన్ని చేతిలోకి తీసుకున్నది ఎవరు? జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ల బిడ్డ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రెక్టర్. ట్రాక్టరెక్కి ప్రచారం చేసి, ప్రపంచ ప్రసిద్ధ రచయిత వర్గాస్ యోసాను ఓడించారు. కొన్నేళ్లలో ధరలు అదుపులోకి వచ్చాయి, సెందెరో నాయకుడు గుజ్మాన్ జైలుకెళ్లాడు. 1995లో జనం మళ్లీ 64 శాతం ఓట్లతో గెలిపించారు. అప్పుడు ఓడిపోయింది ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి పెరెజ్ దె క్వెయార్. ఆ బారుల్లో నిలబడ్డవాళ్లలో చాలామందికి ఆ రోజులు స్వయంగా తెలుసు. వాళ్ల కృతజ్ఞతను దూరం నుంచి మనం కొట్టిపారేయలేం.

గట్టుమీద:
పెన్నాతీరం గారూ, సెందెరో క్రూరత్వం గురించి మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. 2003లో సత్యశోధన కమిషన్ లెక్క ప్రకారం ఆ యుద్ధంలో సుమారు 69 వేలమంది చనిపోయారు, సగానికి పైగా సెందెరో చేతుల్లోనే. నా అభ్యంతరం గుజ్మాన్ అరెస్టును ఫుజిమోరీ ఖాతాలో వేయడం మీద. నిరంకుశత్వం లేకపోతే ఉగ్రవాదం పోయేది కాదన్న వాదన మొత్తం ఆ ఒక్క అరెస్టు మీదే నిలబడుతోంది.

గుజ్మాన్‌ను పట్టుకున్నది పోలీసుల్లో హెయిన్ (GEIN) అనే చిన్న ప్రత్యేక బృందం. అది 1990 మార్చిలో, అలన్ గార్సియా ప్రభుత్వ కాలంలోనే ఏర్పడింది. ఫుజిమోరీ పదవిలోకి వచ్చింది జూలైలో. వాళ్ల పద్ధతి నిఘా, ఓపిక. అనుమానితుడిని వెంటనే పట్టుకోకుండా వెంబడించేవాళ్లు. లిమాలోని సుర్కియో పేటలో, కింది అంతస్తులో డాన్సు పాఠాలు చెప్పే ఒక ఇంటి చెత్తసంచుల్ని తెచ్చి వెతికారు. ఇద్దరు ముగ్గురుండే ఇంట్లోంచి రావాల్సినదానికంటే ఎక్కువ చెత్త వస్తోంది. అందులో గుజ్మాన్ తాగే రకం సిగరెట్ పీకలు, అతనికున్న సోరియాసిస్‌కు వాడే మందు ట్యూబులు దొరికాయి. 1992 సెప్టెంబరు 12న లోపలికి వెళ్లి రక్తం చిందకుండా అతన్ని పట్టుకున్నారు. ఫుజిమోరీ ఆ రోజు అమెజాన్ ప్రాంతంలో చేపల వేటకు వెళ్లాడు, ఆపరేషన్ సంగతి ముందుగా తెలియదు.

అవే రోజుల్లో సైనిక నిఘా విభాగం నుంచి పుట్టిన కొలీనా దళం ఏం చేసిందో చూడండి. 1991 నవంబరు 3న లిమాలోని బారియోస్ ఆల్తోస్‌లో నాటుగా చెప్పాలంటే చందా విందు జరుగుతోంది. కోడికూర వండి అమ్మి, వచ్చిన డబ్బుతో భవనం రిపేరు చేయించుకుందామని ఇరుగుపొరుగు చేరారు. ముసుగులేసుకుని వచ్చినవాళ్లు 15 మందిని కాల్చేశారు, అందులో ఎనిమిదేళ్ల పిల్లాడున్నాడు. తరాతా పేలుడు జరిగిన రెండు రోజులకు, 1992 జూలై 18న, లా కంతూతా విశ్వవిద్యాలయం హాస్టళ్ల నుంచి తొమ్మిదిమంది విద్యార్థుల్ని, ఒక ప్రొఫెసర్‌ని ఎత్తుకెళ్లి చంపారు. వాళ్లే పారిపోయి ఉంటారని ప్రభుత్వ పక్షం వాళ్లు ప్రచారం చేశారు. ఏడాది తరవాత ఒక పత్రిక అచ్చువేసిన మ్యాపు పట్టుకుని వెళ్లి తవ్వితే కాలిన ఎముకల మధ్య తాళంచెవులు దొరికాయి. విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లి పెడితే అక్కడి తాళాలు తెరుచుకున్నాయి.

ఈ 25 మందిని చంపడం వల్ల గుజ్మాన్ ఆచూకీ ఒక్క అడుగైనా దగ్గరైందా? కాలేదు. కోర్టు ఫుజిమోరీకి శిక్ష వేసింది ఈ హత్యలకే గాని, సెందెరోతో పోరాడినందుకు కాదు. ఈ రెంటినీ కలిపేస్తే చెత్తసంచులు వెతికిన ఆ పోలీసులకూ అన్యాయమే.

పెన్నాతీరం:
మీరు చెప్పిన పోలీసు బృందం గొప్పదే. కానీ యుద్ధం లిమాలో ఒక్క ఇంట్లో గెలవలేదు. ఆయకూచో కొండల్లో రైతుల ఆత్మరక్షణ దళాలకు తుపాకులిచ్చి, చట్టబద్ధత కల్పించింది ఫుజిమోరీ ప్రభుత్వమే. సెందెరోను పల్లెల నుంచి తరిమింది ఆ రైతులు. ఇక కేసు సంగతి. ఫలానావాళ్లను చంపండి అని ఆయన రాసిచ్చిన కాగితం ఏదీ దొరకలేదు. కింది అధికారులు చేసిన పాపానికి దేశాధ్యక్షుణ్ణి జైల్లో పెట్టడం మొదలుపెడితే, ఉగ్రవాదంతో తలపడే ధైర్యం ఏ నాయకుడు చేస్తాడు? పొరపాటున జైలుకెళ్లిన అమాయకుల్ని విడిపించడానికి 1996లో కమిషన్ వేసిందీ ఆయనే. దాని సిఫారసు మీద వందలమంది బయటికొచ్చారు.

గట్టుమీద:
రైతు దళాల మాట నిజం, ఆ ఘనత ఇవ్వాల్సిందే. కానీ ఆ అమాయకులు జైలుకెళ్లింది ఎలా? ముఖాలకు ముసుగేసుకున్న జడ్జీలు నిమిషాల్లో విచారణ ముగించి ఏళ్లకేళ్లు శిక్షలు వేశారు. ఆ కోర్టులు పెట్టిందీ ఆయన ప్రభుత్వమే. 1992 ఏప్రిల్ 5న సైన్యం అండతో పార్లమెంటును మూసేసి, న్యాయవ్యవస్థను తనకు కావాల్సినట్టు మార్చుకున్న తరవాత వచ్చిన ఏర్పాటు అది.

రాతపూర్వకమైన ఆజ్ఞ లేదన్నారు. కోర్టు ఆ సంగతి పట్టించుకోకుండా ఏమీ లేదు. దళం జీతాలు, ఆయుధాలు, వాహనాలు ప్రభుత్వానివి. దాన్ని నడిపించిన నిఘా వ్యవస్థ ఫుజిమోరీ కుడిభుజం మోంతెసినోస్ చేతిలో ఉంది. హంతకుల్లో కొందరికి 1994లో శిక్షలు పడితే, 1995లో రాత్రికిరాత్రి పార్లమెంటులో క్షమాభిక్ష చట్టం చేయించి వదిలేశారు. కింది అధికారి తెలియక చేసిన పాపమే అయితే ఆ చట్టం అవసరం ఏముంది? 2000 సెప్టెంబరులో మోంతెసినోస్ ఒక ప్రతిపక్ష ఎంపీకి 15 వేల డాలర్లు లెక్కపెట్టి ఇస్తున్న వీడియో బయటపడింది. ఫుజిమోరీ సదస్సుకని బ్రూనై వెళ్లి, అక్కడి నుంచి టోక్యో చేరి, ఫ్యాక్స్‌లో రాజీనామా పంపాడు. విచారణను తప్పించుకోవడానికి జపాన్ పౌరసత్వం అడ్డం పెట్టుకున్నాడు. తిరిగి రాజకీయాల్లోకి రావాలని 2005లో చిలీ చేరితే అరెస్టు చేశారు, 2007లో పెరూకు అప్పగించారు.

శ్రావణమేఘం:
ఇంతసేపూ మీరిద్దరూ బాంబుల గురించి, జడ్జీల గురించే మాట్లాడారు. క్షమించాలి, నాకు చాలా బాధగా ఉంది. 1996 నుంచి 2000 దాకా ఆ ప్రభుత్వం నడిపిన కు.ని. ఆపరేషన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సుమారు 2.7 లక్షలమంది ఆడవాళ్లకు, 22 వేలమంది మగవాళ్లకు చేశారు. అందరికీ బలవంతంగా చేశారని అనను. కానీ డాక్టర్లకు, నర్సులకు టార్గెట్లు పెట్టారు. కొండ పల్లెల్లో కెచువా తప్ప వేరే భాష రాని ఆడవాళ్లకు స్పానిష్ కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. వేలమంది ఫిర్యాదు చేశారు.

కహమార్కా ప్రాంతంలో మమెరిత మెస్తాన్సా అనే రైతు మహిళకు ఏడుగురు పిల్లలు. ఆరోగ్య సిబ్బంది ఇంటికి మళ్లీ మళ్లీ వచ్చి జైల్లో పెడతామని బెదిరించి ఒప్పించారు. 1998 మార్చిలో ఆపరేషన్ అయ్యాక పరిస్థితి విషమించినా సరైన వైద్యం అందలేదు, కొద్దిరోజుల్లో చనిపోయింది. 2003లో పెరూ ప్రభుత్వమే బాధ్యత ఒప్పుకుని ఆ కుటుంబంతో రాజీ చేసుకుంది. మన ఎమర్జెన్సీలో టార్గెట్లు పెట్టి ఆపరేషన్లు చేయించినందుకు 1977లో ఓటర్లు శిక్ష వేశారు. ఈ ఆడవాళ్ల కేసులో మాత్రం ఫుజిమోరీకి శిక్ష పడకుండానే కాలం గడిచిపోయింది. ఆయన చనిపోయిన మరుసటి నెలలో, 2024 అక్టోబరులో, స్త్రీల హక్కులపై పనిచేసే ఐక్యరాజ్యసమితి కమిటీ బాధితులకు నష్టపరిహారం ఇవ్వాలని పెరూకు చెప్పింది. ఆ లాంఛనాలు చూస్తూ ఈ ఆడవాళ్లు ఏమనుకుని ఉంటారు?

పెన్నాతీరం:
శ్రావణమేఘం గారూ, ఆపరేషన్ల విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. అది విచారణ జరగాల్సిన కేసే. అయినా లాంఛనాలు పదవికి ఇచ్చేవి. ఓట్లేసిన జనాన్ని గౌరవించడం అందులో ఉంది. ఆయన కూతురు కేయ్‌కో 2011, 2016, 2021 ఎన్నికల్లో మూడుసార్లూ తుదిపోరు దాకా వచ్చింది. వాటిలో చివరి రెండుసార్లు అరశాతం కూడా లేని తేడాతో ఓడింది. సగం దేశం ఆ వైపు ఉంటే ప్రభుత్వం ఏం చేయాలి?

గట్టుమీద:
సగం దేశం ఆ వైపు ఉందంటే మిగతా సగం ఇటువైపు ఉన్నట్టే కదండీ. కుటుంబం, అభిమానులు ఎంత ఘనంగా సాగనంపినా ఎవరూ తప్పుపట్టరు. ప్రభుత్వం తనంతట తాను సంతాపం ప్రకటించడం వేరు.

అదీకాక ఇది ఒక్క అంత్యక్రియల మాట కాదు. 2017 డిసెంబరు 24న అప్పటి అధ్యక్షుడు కుచిన్‌స్కీ ఫుజిమోరీకి క్షమాభిక్ష పెట్టింది, తన మీద పెట్టిన అభిశంసన ఓటింగులో ఫుజిమోరీ చిన్నకొడుకు వర్గం దూరంగా ఉండి తనను కాపాడిన మూడు రోజులకే. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది. 2023 డిసెంబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ మళ్లీ అదే క్షమాభిక్షను నిలబెట్టి విడుదల చేయించింది, అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టు వద్దని చెప్పినా సరే. 2024 ఆగస్టులో, అంటే ఆయన చావుకు నెల ముందు, 2002కు ముందు జరిగిన మానవత్వ వ్యతిరేక నేరాల మీద కేసులకు కాలపరిమితి పెడుతూ పెరూలో చట్టం వచ్చింది. లాంఛనాల కంటే దీనికే నేను ఎక్కువ భయపడుతున్నాను. ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తున్న హత్య, అదృశ్యం కేసులు ఎన్నో ఈ చట్టంతో మూతపడొచ్చు. లా కంతూతా విద్యార్థుల్లో కొందరి అవశేషాలు ఇంకా దొరకనే లేదు, వాళ్ల ఇళ్లవాళ్లు 30 ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. పెన్నాతీరం గారూ, ఆ చట్టాన్ని కూడా మీరు సమర్థిస్తారా? దాని మీద మీ జవాబు నాకు కావాలి.