స్టెంట్ వేశాక గుండె బాగుందంటున్నారు, ఒంట్లో మాత్రం సత్తువ లేదు

కత్తెర_సీతాఫల్‌మండి

అందరికీ నమస్తే. నా వయసు 52, సీతాఫల్‌మండిలో టైలరింగ్ షాపు. సంక్రాంతి పోయాక హార్ట్ ఎటాక్ వచ్చింది, అదే రాత్రి స్టెంట్ వేశారు. డిశ్చార్జి చేసేటప్పుడు ఎకో స్కాన్‌లో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం రక్తం బయటికి తోస్తుందో చెప్పే లెక్క) 42 అని రాశారు, మొన్న చెకప్‌కి పోతే 48కి వచ్చింది, గుండె కోలుకుంటోంది, నిదానంగా పని మొదలుపెట్టుకోండి అన్నారు. ఛాతీలో నొప్పి లేదు. కానీ ఒంట్లో పట్టు లేదు. ప్యాంటు గుడ్డ పరిచి కత్తెర పెడితే సగం దాకా వచ్చేసరికి భుజం బరువెక్కి చెయ్యి వణుకుతోంది, చాక్ గీత ఒకవైపు ఉంటే కత్తెర ఇంకోవైపు పోతోంది. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మొదటి మలుపు దగ్గరే తొడలు పట్టేసి గోడకి ఆనుకుని నిలబడాల్సి వస్తోంది. మధ్యాహ్నం తిన్నాక పడుకుంటే లేవబుద్ధి కాదు.

డాక్టర్ గారికి చెప్తే అలాగే ఉంటుంది, తగ్గుతుంది అని అవే మందులు మళ్లీ రాసి పంపేశారు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు, నేను కూడా గట్టిగా అడగలేకపోయాను. వాడే మందులు: ఆస్పిరిన్, టికాగ్రెలార్ (ఈ రెండూ రక్తం పలచబడటానికి), మెటోప్రొలాల్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ 80 (కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్ర). షుగర్ లేదు. మా ఆవిడేమో కదలొద్దంటుంది, బావమరిదేమో జిమ్‌లో చేరమంటాడు. ఇది గుండె వల్లా, మందుల వల్లా, లేక నా భయమా? పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, అందుకే టెన్షన్.

పద్మ_మల్కాజిగిరి

అన్నా, మా వారికి కూడా అచ్చం ఇలాగే అయింది. ఎటాక్ తర్వాత మనిషి బాగానే కనిపిస్తాడు, చూడ్డానికి వచ్చినవాళ్లంతా బాగున్నారే అనేసి పోతారు, స్నానం చేసి వచ్చి మంచం మీద కూలబడేది మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. మేం గుండె ఇంకా వీక్‌గా ఉందేమో అని రోజూ భయపడుతుంటే, తీరా చూస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. రక్తం పలచబడే మాత్రలు రెండు వాడుతున్నప్పుడు కడుపులో కొంచెం కొంచెంగా రక్తం పోయే అవకాశం ఉంటుందట, విరేచనం నల్లగా, తారులా అవుతోందా అని అప్పుడు అడిగారు. నిజంగానే అవుతోంది, ఈయన సిగ్గుపడి చెప్పలేదు! మీరూ ఒకసారి గమనించుకోండి, అలా ఉంటే చెకప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చూపించాలా అని డాక్టర్‌నే అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఇలాగే ఒళ్లు బరువుగా ఉంటుంది, పైగా అది ఉన్నవాళ్లకి కొలెస్ట్రాల్ మాత్రతో కండరాల ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ.

మూలిక_గురు

తమ్ముడూ, ఈ నీరసం అంతా ఆ 80 మాత్ర వల్లే. స్టాటిన్ కండరాలని తినేస్తుంది. ఈ రోజు నుంచే ఆపేసి పొద్దున్నే తెల్లమద్ది బెరడు కషాయం తాగండి, నెలలో గుర్రంలా పరిగెడతారు.

ఫిజియో_తార్నాక

పై సలహా వినకండి. స్టెంట్ వేసి కొన్ని నెలలే అయిన మనిషికి మాత్రలు ఆపేయమనడం ఏమిటండీ, అందులోనూ ఏవేం వాడుతున్నారో చూడకుండా? ఆస్పిరిన్, టికాగ్రెలార్ సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. స్టాటిన్ ఆపితే వెంటనే ఏమీ తెలియదు కాబట్టి బాగానే ఉంది కదా అనిపిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది.

నేను గుండె జబ్బులవాళ్లకి వ్యాయామం చేయించే ఫిజియోని. అన్నా, మీరు అడిగినదానికి ఒక్క జవాబు ఉండదు, మూడు నాలుగు కలిసి ఉంటాయి. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది, మెట్లెక్కేటప్పుడు పల్స్ పెరగాల్సినంత పెరగదు, అందుకే కాళ్లు లాగేస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో అలవాటవుతుంది, లేకపోతే డోసు మార్చడం డాక్టర్ పని. టికాగ్రెలార్ వల్ల కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. రామిప్రిల్‌తో బీపీ తగ్గి లేవగానే కళ్లు తిరగొచ్చు, ఇంట్లో కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి బీపీ చూసి రాసుకోండి.

ఇక స్టాటిన్ సంగతి. దానివల్ల కండరాల నొప్పి వస్తుందన్న మాట అబద్ధం కాదు, కానీ జనం అనుకునేంత కాదు. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణలో, స్టాటిన్ వాడేవాళ్లు చెప్పిన కండరాల బాధల్లో 90 శాతానికి పైగా ఆ మందు వల్ల వచ్చినవి కాదని తేలింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ దాదాపు అంతే నొప్పులు వచ్చాయి. అయినా మీది పెద్ద డోసు, రెండు తొడలూ రెండు భుజాలూ సమానంగా లాగుతున్నాయంటే సీపీకే అనే రక్తపరీక్ష (కండరం దెబ్బతింటే ఇది పెరుగుతుంది) అడగడం న్యాయమే. తేడా ఉంటే డోసు తగ్గించడమో, రోసువాస్టాటిన్‌కి మార్చడమో, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలపడమో చేస్తారు, దారులు చాలా ఉన్నాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తూ ఒళ్లంతా విపరీతంగా నొప్పులుంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నా లెక్కలో మీ అసలు సమస్య కండ కరిగిపోవడం. హాస్పిటల్లో పడక, ఇంటికొచ్చాక వదినగారి ప్రేమ, నెలల తరబడి మెట్లు తప్పించుకోవడం. వాడని కండ త్వరగా తగ్గుతుంది, తిరిగి రావడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. మీ పని కూడా ఒకసారి చూడండి. చేతులు ముందుకు చాచి ఎక్కువసేపు చేసే పని, అదే మోతాదు కాళ్ల పని కంటే పల్స్‌నీ బీపీనీ ఎక్కువ పెంచుతుంది. అందుకే నడిచేటప్పుడు బాగున్న మనిషి కత్తెర పట్టగానే తేలిపోతాడు. కటింగ్ టేబుల్ దగ్గర ఎత్తు స్టూల్ వేసుకుని మోచేతులు ఆనించి కత్తిరించండి, రెండు ముక్కలయ్యాక చేతులు వదిలేసి కూర్చోండి. బరువైన ఇస్త్రీ పెట్టె కొన్నాళ్లు కుర్రాడికి ఇవ్వండి.

జిమ్ ఇప్పుడే వద్దు. డాక్టర్ ఓకే అన్నాక కార్డియాక్ రిహాబ్ (గుండె జబ్బు తర్వాత దగ్గరుండి వ్యాయామం చేయించే చోటు) ఎక్కడైనా ఉంటే అక్కడ మొదలుపెట్టడం మేలు, నడిపించి, పల్స్, ఆక్సిజన్ చూసి ఎంత చేయొచ్చో చెప్తారు. అది కుదరకపోతే నడక, చదునైన చోట, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం. మెటోప్రొలాల్ వాడేవాళ్లు వాచీలో పల్స్ నంబర్ చూసి నడవకూడదు, మాట ఆయాసమే కొలత. మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా నడవాలి, గబుక్కున ఆగిపోతే బీపీ పడిపోతుంది. వారంలో రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోయడం చాలు. ఊపిరి బిగపట్టొద్దు, లేచేటప్పుడు గాలి వదలండి. ఛాతీ బిగిసినా, కళ్లు తిరిగినా ఆపేయండి. ఆగినా ఛాతీ నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, బండి వేసుకుని మీరే వెళ్లొద్దు.

రిటైర్డ్_ఆర్టీసీ

నాకు ఎటాక్ వచ్చి చాలా ఏళ్లైంది. మీకు దగ్గరే కదా, తెల్లారేసరికి ఓయూ క్యాంపస్‌కి వచ్చేయండి, ఆర్ట్స్ కాలేజీ ముందు బోలెడంత మంది నడుస్తుంటారు, పడిపోయినా పట్టుకునేవాళ్లుంటారు. ఇంకో రెండు వారాల్లో ఎండ ముదిరిపోతుంది, పది గంటల తర్వాత మాత్రం బయటికి రాకండి. తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. మన కంచంలో అన్నం కొండంత, పప్పు చారెడు. కండ కావాలంటే అది మారాలి. రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, గుడ్డు, వారానికి రెండుసార్లు చేప తినండి. ఉప్పు మాత్రం చూసుకోండి, ఆవకాయ వచ్చే రోజులు కాబట్టి చెప్తున్నా, నా బలహీనత కూడా అదే.

ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. రాత్రి నిద్ర పడుతోందా? నాకు అప్పట్లో చెయ్యి నొస్తే చాలు మళ్లీ వచ్చిందేమో అని లేచి కూర్చునేవాణ్ణి. దిగులుకి కూడా ఒళ్లు పడిపోతుంది, దానికి మందు ఉంది, డాక్టర్‌కి చెప్పొచ్చు, సిగ్గేం లేదు.

కత్తెర_సీతాఫల్‌మండి

అందరికీ చాలా థ్యాంక్స్. నిద్ర పట్టడం లేదు, నిజమే. విరేచనం మామూలుగానే ఉంది అక్కా. శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఈసారి అన్నీ కాగితం మీద రాసుకుని పోతా. షాపులో ఎత్తు స్టూల్ లేదు, బోయిన్‌పల్లిలో సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ దగ్గర చూస్తా. సీపీకే టెస్ట్‌కి పరగడుపున పోవాలా?

ఫిజియో_తార్నాక

సీపీకే ఒక్కదానికైతే అవసరం లేదు, అదే రక్తంతో షుగర్, కొలెస్ట్రాల్ చూస్తామంటే ల్యాబ్ వాళ్లే చెప్తారు. కానీ ముందు రెండు రోజులు కొత్త వ్యాయామాలు, బరువులెత్తడం పెట్టుకోకండి, కష్టపడిన కండ వల్ల కూడా సీపీకే పెరుగుతుంది, లేనిపోని కంగారు. కాగితం మీద ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా అని. రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే అది నీరు చేరడం కావచ్చు, అప్పుడు శుక్రవారం దాకా ఆగొద్దు.