తెల్లచారలు పోవాలంటే ట్విన్ స్క్రూ కొనాల్సిందేనా?

మడికొండ పైపులు:
వరంగల్ దగ్గర మాది చిన్న షెడ్డు. ప్లాస్టిక్ దానాను కరిగించి ముందుకు తోసే మిషన్‌లో 65 ఎంఎం సింగిల్ స్క్రూ ఉంది, ఎల్/డి (పొడవు, వ్యాసాల నిష్పత్తి) 24. నల్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) పైపు తీస్తాం. పైపును పలచగా కోసి వెలుతురుకు పెడితే నలుపులో తెల్లచారలు కనబడుతున్నాయి. ఎండను అడ్డుకునే నల్ల కార్బన్ పొడి అందని చోట పైపు ఎండకు తొందరగా పెళుసవుతుంది. మన దగ్గర కొన్న రైతు నష్టపోతాడు. మిషన్లు అమ్మేవాళ్లు ట్విన్ స్క్రూ (రెండు స్క్రూల మిషన్) తప్ప దారి లేదంటున్నారు. నేను ఒప్పుకోను. స్క్రూ చివర మిక్సింగ్ సెక్షన్ పెట్టిస్తే చాలు. మీరేమంటారు?

కరీంనగర్ ఆపరేటర్:
తమ్ముడూ, స్క్రూ జోలికి అప్పుడే పోకు. మాస్టర్‌బ్యాచ్ (కార్బన్ చిక్కగా కలిపిన దానా) తూకం వేస్తున్నారా, మగ్గుతో పోస్తున్నారా? భారత ప్రమాణం ఐఎస్ 4984 ప్రకారం నీళ్ల పైపులో కార్బన్ 2.5 శాతం ఉండాలి, అర శాతం అటూ ఇటూ. మాస్టర్‌బ్యాచ్‌లో 40 శాతం కార్బన్ ఉంటే 100 కిలోల మాలులో అది 6.25 కిలోలు పడాలి. అది సరిచూసుకొని, స్పీడ్ తగ్గించి, స్క్రూ ముందు జాలీ సన్నది వెయ్యి. ప్రెషర్ పెరిగితే మాలు లోపల ఎక్కువసేపు కలుస్తుంది.

మడికొండ పైపులు:
తూకమే వేస్తున్నాం అన్నా. సన్న జాలీ కూడా వేశాం. మాలు వేడెక్కింది, గంటకు వచ్చే పైపు తగ్గింది, చారలు సన్నబడ్డాయే గానీ పోలేదు. మామూలు స్క్రూ గాడిలో కరిగిన మాలు పొరలు పొరలుగా జారుతుంది. చార సాగుతుంది, తెగదు. అందుకే మాడక్ అనే మిక్సింగ్ సెక్షన్ అంటున్నాను. యూనియన్ కార్బైడ్ వాళ్లు 1960లలోనే తెచ్చిన పద్ధతి అది. గాడి చివర మూసి ఉంటుంది, మాలంతా సన్న సందులోంచి గట్టు దాటి పక్క గాడిలోకి పోవాల్సిందే.

కాజీపేట లెక్చరర్:
మీ ఇద్దరి మాటల్లో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ముద్దను చితకగొట్టడం ఒకటి, చితికినదాన్ని అంతటా పంచడం మరొకటి. కోసిన ముక్కలో నల్లచుక్కలు ఉంటే కార్బన్ ముద్దలు చితకలేదని అర్థం, దానికి మాడక్ సరైనది. మీకున్నవి చారలు, అంటే పంపకం లోపం. స్క్రూ మీద మాలును చీల్చి మళ్లీ కలిపే పైనాపిల్ లాంటి పిన్నులు కావాలి.
దానాలో రీప్రాసెస్ (పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన దానా) ఉందా? అందులో పీపీ (పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్) కలిస్తే అది హెచ్‌డీపీఈలో కరిగిపోదు, చుక్కలుగానే ఉంటుంది. చుక్క చిక్కదనం చుట్టూ ఉన్న మాలు కంటే సుమారు 4 రెట్లు దాటితే మామూలు కోతతో (పొరలు ఒకదానిపై ఒకటి జారడంతో) అది విరగదని గ్రేస్ అనే పరిశోధకుడి ప్రయోగాలు 1982లో చూపించాయి. సాగదీసే ప్రవాహం కావాలి. ట్విన్ స్క్రూ కొన్నా పీపీ, హెచ్‌డీపీఈ ఒకటైపోవు.

కరీంనగర్ ఆపరేటర్:
సార్ చెప్పింది నిజమే. కానీ పిన్నుల వెనక మాలు నిలుస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా అక్కడ మాడుతుంది, తర్వాత ఆ మాడు పెచ్చులు పైపులోకి వస్తాయి. స్క్రూ బయటికి లాగి శుభ్రం చేసేవాడికే ఆ బాధ తెలుస్తుంది. నా ఓటు ఇప్పటికీ మాస్టర్‌బ్యాచ్ మార్చడానికే. దాని ఎంఎఫ్‌ఐ (కరిగినప్పుడు పారే గుణం) పైపు దానా కంటే ఎక్కువ ఉండేది అడుగు.

మడికొండ పైపులు:
రీప్రాసెస్ 20 శాతం వేస్తున్నాం సార్, పీపీ సంగతి ఆలోచించలేదు. రేపటి నుంచి అది ఆపి, అన్న చెప్పిన మాస్టర్‌బ్యాచ్‌తో ఒక షిఫ్టు నడుపుతాను. చారలు అలాగే ఉంటే పాత స్క్రూకు లేత్ మీద పిన్నులు పెట్టిస్తాను. రెండింటి ముక్కల ఫొటోలు ఇక్కడే పెడతాను. ట్విన్ స్క్రూకు మాత్రం ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వను.