పేద పిల్లల్ని ఇరవై ఏళ్లు కొలుస్తూ పోవాలా, ఆ డబ్బుతో పాలూ గుడ్లూ పెట్టాలా?

వింజమూరు టీచరమ్మ:
అందరికీ నమస్కారం. నేను వింజమూరు వైపు ఒక పల్లెలో పద్నాలుగేళ్లుగా అంగన్‌వాడీ టీచర్ని. పోయిన వారం మా సెంటర్ కిందికొచ్చే గిరిజన కాలనీకి ఒక బృందం వచ్చింది. ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, పుట్టబోయే బిడ్డల్ని పద్దెనిమిదేళ్లు నిండేదాకా చూస్తారంట. బరువు, ఎత్తు, రక్తం, చదువు, ఇంట్లో ఏం వండుకుంటున్నారు, అన్నీ రాసుకుంటారు. మందిచ్చేది లేదు, తిండి పెట్టేది లేదు.

వాళ్లు పోయినాక ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఒకామె నన్ను పక్కకు పిలిచి "టీచరమ్మా, తూకమేసుకొని పోతారు సరే, బిడ్డకేం పెడతారు?" అనింది. నాకు నోట మాట రాలేదు. ఆమె పెద్దబిడ్డకి ఇంకా రెండేళ్లు నిండలేదు, నెలనెలా కొలిచేది నేనే. వాణ్ణి పొడవు కొలిచే పలక మీద పడుకోబెట్టి నేను తల పట్టుకుంటే ఆయా మోకాళ్లు అదిమి పట్టుకుంటుంది, వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఏడు నెలలుగా వయసుకు తగ్గ ఎత్తు లేడనే వస్తోంది. బాలామృతం ప్యాకెట్, గుడ్లు ఇస్తున్నాను, ఇంకేం చేయాలో నాకు తెలియదు. ఇట్లాంటి రీసెర్చికి ఒప్పుకోమని నేను ఆ తల్లులకు చెప్పాలా వద్దా? మీరు మనసులో ఉన్నది చెప్పండి.

పొదిలి రైతు:
వద్దని చెప్పక్కా. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే సంగతి డాక్టర్లు పత్రికలో రాసింది 1937లో. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. తొంభై ఏళ్లు కావస్తోంది. మా తాత నడుము వంగి వంగి చివరికి ఆకాశం చూడలేకపోయాడు, మా నాయనకు పళ్లు గోధుమ రంగు, నాకు నలభై రెండేళ్లకే పొద్దున మంచం దిగాలంటే మోకాళ్లు పట్టేస్తాయి. నా చిన్నప్పుడు బడికొచ్చి పళ్లు చూసి రాసుకుపోయారు, మా అబ్బాయి బళ్లోనూ అదే చేశారు. రాసుకున్నవాళ్లు ఎవరూ తిరిగొచ్చి ఇదీ సంగతి అని చెప్పలేదు. కొలిచింది చాలు. ఆ డబ్బుతో నీళ్లివ్వండి, గుడ్లివ్వండి.

ఒంగోలు నర్సింగ్:
అన్నా, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ ఒక్క విషయం వినండి. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో ఒక పని జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టారు, 14 ఊళ్లలో పెట్టలేదు. పదిహేనేళ్ల తర్వాత వెనక్కి వెళ్లి ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, వాళ్ల రక్తనాళాలు కూడా తక్కువ బిరుసుగా ఉన్నాయి, అది గుండెకు మంచి సూచన. అంగన్‌వాడీ తిండి వల్ల ఏం లాభం అని అడిగినవాళ్లకి చూపించే కాగితం అదే. తిరిగి వెళ్లి చూడకపోతే అది దొరికేదే కాదు.

పొదిలి రైతు:
మరి ఆ 14 ఊళ్ల పిల్లల సంగతేంటమ్మా? వాళ్ల కడుపు మాడ్చి మనకు కాగితం తెచ్చారా?

ఒంగోలు నర్సింగ్:
అడగాల్సిన ప్రశ్నే. అప్పటికి ఐసీడీఎస్, అంటే ఈ అంగన్‌వాడీల పథకం, అన్ని ఊళ్లకూ చేరలేదన్నా, దశలవారీగా వస్తోంది. ఆ 14 ఊళ్లకు ఇంకా వంతు రాలేదు, అంతే కానీ వీళ్లు ఆపింది కాదు. అయినా ఆ బిడ్డలకి అందలేదన్నది నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

ఇంకోటి. టీచరమ్మా, పాలూ గుడ్లూ పెడితే చాలు అనుకుంటాం కదా, జమైకాలో 1986-87లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పేద పిల్లలతో మొదలుపెట్టారు. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారం వారం గంటసేపు వెళ్లి, బిడ్డతో ఎట్లా ఆడాలి, ఎట్లా మాట్లాడించాలి అని తల్లికి చూపించింది, రెండేళ్ల పాటు. ఇరవై ఏళ్లకు చూస్తే ఆటపాటలు అందినవాళ్ల సంపాదన, అవి అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. ఒట్టి పాలపొడితో అంతకాలం నిలిచిన తేడా కనపడలేదు. పాలు వద్దని కాదు. ఒట్టి తిండితో సరిపెట్టకూడదని తెలియడానికి ఇరవై ఏళ్లు ఆగాల్సొచ్చింది.

ఉదయగిరి కొండ:
నాకు రీసెర్చి మీద కోపం లేదు, సంతకం మీదే నా అనుమానమంతా. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. అది టీకా వల్ల కాదనే విచారణలో తేలింది, కానీ ఒప్పుదల తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే రాసింది. అక్కా, మీ కాలనీలో చదవగలిగిన తల్లులు ఎంతమంది? కాగితం చదివి వినిపించారా, వేలిముద్ర వేయించుకుని పోయారా? ఇంకో మాట, ఏడేళ్లు దాటిన బిడ్డను విడిగా అడగాలని, వైద్య పరిశోధనలకు నియమాలు పెట్టే ఐసీఎంఆర్ 2017 నిబంధనల్లో ఉంది, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. ఇప్పుడు తల్లి ఒప్పుకున్నా, రేపు ఆ పిల్ల "నాకిష్టం లేదు" అంటే వదిలిపెడతారా లేదా అని వాళ్లని సూటిగా అడగండి.

కావలి చెరువుగట్టు:
నేనూ గిరిజనుణ్ణే, యానాదుల పిల్లోణ్ణి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. నాకు ఆరేళ్లప్పుడు మా నాయన రొయ్యల గుంట కాపలాకి కుదిరాడు, గట్టు మీద తాటాకు గుడిసె. ఒక పంట అయినాక ఇంకో గుంట, ఆ తర్వాత ఇటుక బట్టీ. ఏ అంగన్‌వాడీ రిజిస్టర్లోనూ నా పేరు రెండేళ్లు వరసగా ఉండదు. నా చెల్లెలు ఒక గుంట గట్టు మీద జ్వరంతో పోయింది. ఏ జ్వరమో తెలియదు, ఎవరూ రాసుకోలేదు. దాని వయసెంతో కూడా మా అమ్మకు సరిగ్గా గుర్తు లేదు.

అందుకే నేను కొలవమనే అంటాను. 2002 నుంచి యంగ్ లైవ్స్ అని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు మూడు వేల మంది పిల్లల్ని చూస్తున్నారు, కాలేజీలో మా సార్ చెప్పాడు. అనంతపురం ఉంది, కడప, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి ఉన్నాయి. నెల్లూరూ లేదు, ప్రకాశమూ లేదు. కాకపోతే పొదిలన్న చెప్పినట్టు రాసుకుని పోయేవాళ్లు వద్దు. కుటుంబం వలసపోతే వెతుక్కుంటూ గుంట గట్టు దాకా రాగలరా? ఇంటికి తాళం ఉందని పేరు కొట్టేస్తే మిగిలేది కాస్త బాగున్న పిల్లల లెక్కే. వలస పోయినవాళ్లే ఎక్కువ ఆకలిగా ఉండేవాళ్లు. ఆ కాలనీ పిల్లనే ఒకామెను జీతమిచ్చి పెట్టుకోమనండి, ఎవరెక్కడికి పోయారో ఆమెకి తెలుస్తుంది.

పొదిలి రైతు:
తమ్ముడూ, మీ చెల్లెలి సంగతి చదివినాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

వింజమూరు టీచరమ్మ:
అందరికీ దండాలు. మీరు రాసినవన్నీ ఇవాళ మధ్యాహ్నం ఆ తల్లుల దగ్గర కూర్చుని చదివి వినిపించాను. ఉదయగిరి తమ్ముడూ, కాగితం నాలుగు పేజీలుంది, మన భాషే అయినా నాకే రెండు సార్లు చదివితే గానీ అర్థం కాలేదు. ఇంకా ఎవరూ వేలిముద్ర వేయలేదు. సోమవారం వాళ్లు మళ్లీ వస్తారు. కాగితం మొత్తం కాలనీ వేపచెట్టు కింద అందరి ముందూ చదవాలి. కొలిచిన ప్రతిసారీ అంకె తల్లి కార్డు మీద కూడా రాయాలి. రక్తం తక్కువుందని తేలితే అదే రోజు ఏఎన్ఎమ్‌కి చెప్పాలి, రాసుకుని పుస్తకం మూయకూడదు. కాలనీ పిల్లను పనిలో పెట్టుకోవాలి. ఇవి ఒప్పుకుంటేనే నేను సరేనంటాను. ఆ ఎనిమిదో నెల ఆమె అయితే "నా పెద్దోణ్ణి కూడా రాసుకుంటారా?" అని అడిగింది. పుట్టబోయేవాళ్లని మాత్రమేనంట. అది కూడా అడుగుతాను.

పొదిలి రైతు:
అక్కా, నేను వద్దన్నాను, సగం మనసు ఇంకా వద్దనే అంటోంది. కానీ ఎట్లాగూ ఒప్పుకునేటట్టున్నారు కాబట్టి ఒకటి కలపండి. బిడ్డల్ని కొలిచే ముందు కాలనీ బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపమనండి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటిందంటే ఆ నీళ్లు బిడ్డలకి తాపొద్దు. మా నాయన ఏడేళ్ల వయసులో ఆ పని ఎవరైనా చేసుంటే బాగుండేది.

వింజమూరు టీచరమ్మ:
మా బోరు దగ్గర బిందెల అడుగున తెల్లగా పేరుకుంటుందన్నా, ఉప్పు నీళ్లని అనుకుంటా ఉండినాం. సీసా కడిగి పెట్టాను.