అప్‌డేట్: థీమ్ పార్కులో సంచుల సంగతి

పిల్లలతో థీమ్ పార్కుకు వెళ్లినప్పుడు సంచులు ఎలా చూసుకోవాలని అడిగాను కదా, వెళ్లి వచ్చాం. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. లాకర్ తీసుకోవడం చాలా మంచిదైంది. ప్రవేశద్వారం దగ్గర కాకుండా నీటి రైడ్ల పక్కనే తీసుకున్నాం. తడిసి వణుకుతున్న పిల్లలకు పొడి బట్టలు వెంటనే అందాయి. లాకర్ నంబరు ఫోటో తీసుకోవడం మాత్రం మరిచిపోకండి, వరుసలన్నీ ఒకేలా ఉంటాయి!

నడుముకు కట్టుకునే జిప్పు సంచి గురించి ఒక మాట. రోలర్ కోస్టర్‌లో ఒడి మీదికి దిగే కడ్డీకి అడ్డమని సిబ్బంది దాన్ని తీయించారు. అక్కడ మా అత్తయ్యే పెద్ద అండ: రైడ్లు ఎక్కనని ముందే చెప్పి, కళ్లద్దాలు, టోపీలు, తాళాలు అన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అలా ఎవరూ తోడు లేకపోతే, జేబులకు జిప్పులున్న ప్యాంటు వేసుకోవడమే మేలు.